మొప్పలెత్తి చూడటం

చేప కళ్ళు చెప్పేది నమ్మకు,
మొప్పలెత్తి చూడు, అనేవాడు మా నాన్న
లెర్విక్ చేపల వేలం షెడ్డులో.
ముప్పై ఏళ్ళు అక్కడే చిట్టాలు రాసి
ఇప్పుడు ఏడాదికోసారి, ఉచితంగా,
ఒక ధర్మసంస్థ పద్దులు తిరగేస్తుంటాను.

దీవుల నుంచి రాత్రి ఓడెక్కి
అబర్డీన్ ఆసుపత్రికి వచ్చే రోగుల వెంట
ఎవరో ఒకరు వస్తారు. ఓ భార్య, ఓ అన్న,
అల్లిక సగంలో ఉన్న సంచితో ఓ అమ్మమ్మ.
వాళ్ళ కోసం ఆరు గదుల ఇల్లు.
పడకకి ఇంతని అడగరు.
వాకిట్లో ఒక డబ్బా ఉంటుంది, అంతే.

ఫిబ్రవరి. కోటు విప్పకుండానే కూర్చున్నాను.
కోశాధికారి గిల్బర్ట్ హాల్‌క్రో
బిస్కట్ల డబ్బాలోంచి రసీదులు తీశాడు,
నెలకో రబ్బరు బ్యాండు.
మాట్లాడడు. అడిగితే తలూపుతాడు.
నిండు కుండ తొణకదు, నిజమే.
అడుగంటిన కుండా తొణకదు.

బ్యాంకులో అరవై ఒక్క వేల పౌన్లు.
చందాదారుల కరపత్రంలో ఆ అంకెని
బొద్దక్షరాల్లో అచ్చేశారు. దాని కింద
నూటికి మూడే ఆఫీసు ఖర్చు!
ఆశ్చర్యార్థకం హాల్‌క్రోదే అనుకుంటా,
జీవితంలో ఆయన పెట్టిన ఒకే ఒక్కటి.

మొప్పలెత్తాను.
నలభై ఎనిమిది వేలు బార్బరా లీస్క్‌వి,
మెట్లెక్కలేని వాళ్ళకి లిఫ్టు పెట్టమని
వీలునామాలో రాసి పోయింది. లిఫ్టుకే.
ఆ ఇంట్లో లిఫ్టుకి చోటు లేదు,
ఇంజనీరు రెండుసార్లు కొలిచి వెళ్ళాడు.
పక్కింటివాళ్ళు దాచమని ఇచ్చిన నగ అది.
బీరువా బరువెక్కుతుంది,
మెడ బోసిగానే ఉంటుంది.

మిగిలింది పదమూడు వేలు.
నెలకి ఐదువేల రెండువందల ఖర్చు.
రెండున్నర నెలల ఊపిరి.
ఇంతకన్నా పొట్టి ఊపిరితో ఈదినవాళ్ళని చూశాను,
సంతకం పెట్టి లేచేవాణ్ణే.

కరెంటు బిల్లు ఆపింది.
పోయినేటికి సగం.
పొదుపు, అన్నాడు హాల్‌క్రో.

వంటింట్లోకి నడిచాను.
రోడా ఇంక్‌స్టర్ ఓట్స్ జావ కలుపుతోంది,
ఒంటి మీద రెండు స్వెట్టర్లు,
వేళ్ళు తెగిన ఉన్ని తొడుగులు.
అతిథుల గదులు వెచ్చగానే ఉన్నాయి.
వంటిల్లు, నడవా, ఆమె పడుకునే మూలగది
మంచు.

జీతాల పద్దు అక్టోబరు దగ్గర ఆగింది.
"నవంబరు?"
"తర్వాత తీసుకుంటానన్నాను."
"డిసెంబరు?"
"అదీ."
జనవరి నేనడగలేదు.
అప్పుల పట్టికలో ఆమె పేరు లేదు.
అప్పిచ్చానని ఆమెకే తెలీదు.

నూటికి మూడంటే ఇదన్నమాట.
లంఖణం పరమౌషధమని
కడుపు నిండినవాళ్ళం చెబుతాం.
ఆ కరపత్రం చూసి మెచ్చుకుని
నేను కూడా ఇరవై పౌన్లు పంపాను, క్రిస్మస్‌కి.

"అది రాయకండి," అంది రోడా,
"ఇచ్చేవాళ్ళు బెదిరిపోతారు."
హాల్‌క్రో కిటికీ వైపు చూస్తున్నాడు.
ఆయన పెట్రోలు రసీదులు, నాలుగేళ్ళవి,
ఏ పద్దులోనూ ఎక్కనివి,
డబ్బా అడుగున అప్పటికే చూశాను.

రాశాను.
ఇవ్వవలసిన జీతం, నాలుగువేల మూడువందల యాభై.
పెన్సిలుతో కాదు.
మిగిలేది ఎనిమిదివేల ఆరువందల యాభై.
యాభై రోజులు, అన్నాను.

రోడా వేళ్ళు మడిచింది.
ఆరు గదులు, యాభై పొద్దులు...
"మూడు వందల గిన్నెల జావ," అంది.
నా లెక్కకన్నా ఎక్కువగా వినిపించింది.
ఎందుకో నవ్వొచ్చింది ముగ్గురికీ,
హాల్‌క్రోకి కూడా.

ఫోను మోగింది. వాల్సే దీవి నుంచి ఎవరో,
గురువారం ఓడ, తండ్రికి ఆపరేషను,
గది దొరుకుతుందా?
రోడా నా వైపు చూసింది
తక్కెడ పట్టుకున్నవాడి ముఖం చూసినట్టు.

నా ఫారంలో ఆ ప్రశ్నకి గడి లేదు.
కోటు విప్పి కుర్చీకి తగిలించాను.
సంతకం ఇంకా పెట్టలేదు.